శవం మీద కుళ్ళు

చచ్చినవాణ్ణి చూసి ఓర్వలేనివాడంటూ లోకంలో ఒక్కడుంటే, ఆ ఒక్కడూ ఆ రోజు కెమెరా పక్కన ఫోకస్ రింగు పట్టుకుని కూర్చున్నాడు.

చచ్చినవాడు నిజంగా చావలేదు, సినిమాలో చచ్చాడు. పొడుగాటి అందగాడు. బల్ల మీద తెల్ల దుప్పటి కప్పుకుని, శవం పాత్రకి ప్రాణం పోస్తున్నాడు. పక్కన కూర్చుని ఏడవాల్సిన భార్య పాత్ర మాత్రం, ఆ రింగు తిప్పి బొమ్మని స్పష్టం చేసే ఈ ఫోకస్ పుల్లర్ సొంత భార్యది. పదకొండేళ్లు గుంపులో నిలబడ్డ మనిషికి ఇది మొదటి క్లోజప్.

దర్శకుడు షాట్ వివరించాడు. "మాటలుండవు. ముందు శవం ముఖం స్పష్టం, వెనక ఆవిడ మసక. ఆవిడ చెయ్యి అతని జుట్టు మీద పడగానే శవం మసకైపోవాలి, ఆవిడ తేలాలి. కథంతా ఆ తేలడంలోనే ఉంది. ఎండ కిటికీ దాటేలోగా రాకపోతే క్లోజప్ ఎత్తేసి దూరం నుంచి కానిచ్చేస్తా."

ఫోకస్ పుల్లర్ టేపు లాగి, లెన్సు నుంచి శవం ముక్కుదాకా ఒకసారి, భార్య కంటిదాకా ఒకసారి కొలిచాడు. ఇద్దరి మధ్యా రెండడుగులు కూడా లేవు. ఆ లెక్క అతనికి నచ్చలేదు.

మొదటి టేక్. ఆవిడ గ్లిజరిన్ వద్దంది. శవం వైపు చూసింది. కింది పెదవి వణికింది, కళ్ళు నిండాయి. చెయ్యి జుట్టులోకి వెళ్ళి, నుదుటి మీది పాయని నెమ్మదిగా పక్కకి తీసింది. లైట్లవాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చారు. అందరిదీ ఒక ఏడుపు, ఫోకస్ పుల్లర్‌ది ఇంకో ఏడుపు. తనకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఈవిడ మంచం పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టింది. ఒక్క చుక్క రాల్చలేదు. నిన్న పరిచయమైన వీడికేమో కుండపోత.

రింగు తిరగలేదు.

"కట్. ఏమయ్యా, ఆవిడ ఏడుస్తుంటే నువ్వు శవాన్ని పట్టుకు వేలాడతావేం?"

"రింగు బిగుసుకుందండీ."

శవం ఒక కన్ను తెరిచింది. "తొందరేం లేదన్నా. వదిన చెయ్యి చల్లగా ఉంది. ఇంకో నాలుగుసార్లయినా పోతాను."

"నువ్వు చచ్చినట్టు పడుండు," అన్నాడు ఫోకస్ పుల్లర్.

రెండో టేక్‌లో ఆ చెయ్యి తాకకముందే రింగు తిప్పేశాడు. మూడోదాంట్లో మళ్ళీ ఆలస్యం. తను చెడగొట్టిన ప్రతిసారీ ఆ చెయ్యి ఆ జుట్టులోకి ఇంకోసారి వెళుతోందని అప్పటికి గాని బుర్రకెక్కలేదు.

ఎండ కిటికీ అంచుకి జారింది. కొలత వంకతో భార్య దగ్గరికి వెళ్ళి, చెంప పక్కన టేపు పట్టుకుని గొణిగాడు. "ఎవర్ని తలుచుకుని ఏడుస్తున్నావు? వాణ్ణా?"

"వాడి పేరే నాకు గుర్తుండదు."

"మరి నన్నా?"

ఆవిడ నిదానంగా చూసింది. "కాదు. మీరు రాకముందుది ఆ ఏడుపు. అడగకండి, చెప్పను. పదకొండేళ్లు మీ కెమెరాల ముందు మసగ్గా నిలబడ్డాను. ఈ పూటా అంతేనంటే చెప్పండి, లేచిపోతాను."

టేపు చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

నాలుగో టేక్. చెయ్యి జుట్టు మీద పడింది. అతను రింగు తిప్పాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా. శవం కరిగిపోయింది. రెప్పల తడితో సహా భార్య ముఖం తేలింది. తనెరుగని ఎవరికోసమో ఏడుస్తున్న ఆ ముఖాన్ని అంత స్పష్టంగా అతనెన్నడూ చూడలేదు. కళ్ళు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకుంటే ఫోకస్ పోతుంది. ఆవిడ ఏడ్చినంతసేపూ చూస్తూనే కూర్చున్నాడు, లోపల భగభగా మండుతూ, వేళ్ళు మాత్రం కదలనివ్వకుండా.