దీపం వేళ ఆరే కెమెరా

సరిగ్గా దీపం పెట్టే వేళకే వెనక మూల కెమెరా ఆరిపోతోంది. కొన్నాళ్లుగా ఇదే వరస. నిన్న ఆ మూల బీరువాలోంచి ఒక గొల్లభామ బొమ్మల నేతచీర మాయమైంది. అంతకు ముందు ఇంకొకటి.

ఆ మూలన ఉండేది నవత. కెమెరా కింద స్విచ్ బోర్డు, బోర్డు పక్కన ఆమె స్టూలు. సిద్దిపేట బజారులోని దామోదర్ చీరల దుకాణంలో ఆమె ఏళ్లుగా పనిచేస్తోంది. అయినా నిన్న దుకాణం మూసేటప్పుడు దామోదర్ ఆమె సంచిని తోటి అమ్మాయిలందరి ముందూ గల్లా బల్ల మీద దులిపించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, మాత్రల పట్టీ పడ్డాయి. చీర పడలేదు.

"రేపు కెమెరాల పిల్ల వస్తది. గామె చూసినంక నువ్వు ఉంటవో పోతవో చెప్త," అన్నాడు.

దొంగ అని ఒక దుకాణం పంపేస్తే బజారులో ఇంకే దుకాణమూ గడప ఎక్కనివ్వదు. నవతకు ఆ సంగతి తెలుసు. అందుకే పొద్దున్నే అందరికంటే ముందొచ్చి మెట్ల మీద కూర్చుంది.

కెమెరాల పిల్ల పేరు సాహితి. పాత బస్టాండు దగ్గర సొంత షాపు ఉంది. ఈ దుకాణానికి కెమెరాలు బిగించింది ఆమే. వచ్చీ రాగానే దామోదర్ మొదలుపెట్టాడు.

"దీపం పెట్టేటప్పుడు లైట్లు తీసేది నవతనే బిడ్డా. వాటితోటే కెమెరా బటన్ గూడ నొక్కుతుంది."

లైట్లు ఆర్పడం దామోదర్ తండ్రి రాజమల్లయ్య పెట్టిన ఆచారం. పొద్దుగూకగానే దుకాణంలో లైట్లన్నీ తీసేయాలి. గల్లా దగ్గర దీపం వెలగాలి. ప్రతి మూలకూ సాంబ్రాణి పొగ తిరగాలి. ఆ తర్వాతే మళ్లీ లైట్లు. అంతసేపూ అందరూ దీపం ముందు కళ్లు మూసుకుని నిలబడతారు. లైట్లు తీసే పని నవతది. పొగ తిప్పే పని దామోదర్ బామ్మర్ది మహేందర్‌ది.

సాహితి స్టూలెక్కి కెమెరాను విప్పి కిందికి వంచింది.

"ఏ బటన్ సేటూ? దీనికి కరెంట్ వైరే లేదు."

"మరి ఎట్ల నడుస్తుంది? గాలికా?"

"గీ నెట్ కేబుల్ల కెల్లి. బొమ్మ గిండ్లనే పోతది, కరెంట్ గిండ్లనే వస్తది." గోడ వెంట కేబుల్‌ను వేలితో చూపిస్తూ గల్లా వెనకున్న నల్లపెట్టె దాకా నడిచింది. "అన్ని కెమెరాలకూ కరెంట్ ఇచ్చేది గీ పెట్టె. ఆమె బోర్డు మీద బటన్లన్నీ నొక్కినా కెమెరాకు చీమ కుట్టినట్టు గూడ కాదు."

"అయితే రోజూ ఎందుకు ఆరుతుంది?"

సాహితి షట్టరు దింపించి లైట్లు తీయించింది. దుకాణం చీకటైంది. కెమెరాల కళ్ల చుట్టూ సన్నటి ఎర్ర చుక్కలు వెలిగాయి. మరుక్షణం వెనక మూల చుక్కలు ఆరిపోయాయి.

"చూసిన్రా? చీకటి పడంగనే కెమెరాలన్నీ సొంత లైట్లు వేసుకుంటయి. కరెంట్ ఎక్కువ గుంజుతయి. ఆ మధ్య బయట కొత్త కెమెరా పెట్టినం గదా, అప్పటిసంది పెట్టెకు బరువైతుంది. చివరిదాన్ని, గీ మూలదాన్ని, వదిలేస్తుంది. మళ్ల లైట్లు వేసినా అది లేసేసరికి కొంచెం సేపు పడతది. వేరే దుకాణాల్ల గిట్ల అన్ని లైట్లూ తియ్యరు. నేను గా లెక్క చూడలే, నా పొరపాటే."

దామోదర్ గల్లా కుర్చీలో కూలబడ్డాడు. "సరే, కెమెరా దానంతటదే ఆరింది. చీర దానంతటదే నడిచిపోయిందా?"

అప్పుడు నవత నోరు విప్పింది.

"కెమెరా ఆరిందని దొంగకు ఎట్ల తెలిసింది సేటూ? మేమందరం దీపం దిక్కు కండ్లు మూసుకొని ఉంటిమి. కెమెరాల బొమ్మలు వచ్చే గీ టీవీ నల్లగయితేనే తెల్వాలె. టీవీ గల్లా దిక్కు తిరిగి ఉంది. గల్లా మీద ఉండేది మీరు, మహేందరన్న."

"నా బామ్మర్దిని అంటున్నవా?"

"ఎవ్వర్నీ అంటలేను. చూడుమంటున్న."

దామోదర్ ముఖం ఎర్రబడింది. సాహితి మధ్యలోకి వచ్చింది. "చూస్తే పోయేదేముంది సేటూ? గీ కెమెరాకు వేరే అడాప్టర్ పెడత, ఇగ ఆరదు. దీపం యాళ్లకు టీవీల మాత్రం దీని బొమ్మ నా ఫోన్ నుంచి నల్లగ చేస్త. రికార్డు నడుస్తనే ఉంటది. బాగైందని ఎవ్వరికీ చెప్పకుండ్రి."

ఆమె పని ముగించేసరికి మహేందర్ చీరల మూట దింపుతూ లోపలికి వచ్చాడు.

"ఏం మేడం, మా కెమెరాకు దిష్టి తగిలిందా?"

"సామాను హైదరాబాద్ నుంచి రావాలె అన్నా. అప్పటిదాంక గిట్లనే."

"రానీ, తొందరేముంది!" అని నవ్వాడు.

సాయంత్రం నవత లైట్లు తీసి దీపం ముందుకు వచ్చింది. టీవీలో ఒక గడి నల్లబడింది. మహేందర్ దానివైపు ఒక చూపు విసిరి, ధూపం గిన్నె అందుకుని వెనక్కి నడిచాడు. దామోదర్ చేతులు జోడించాడు గానీ కళ్లు మూయలేదు.

లైట్లు రాగానే అతను మేడ మీదికి వెళ్లాడు. అక్కడ సాహితి ఫోన్ పట్టుకుని కూర్చుంది. తెలుపు నలుపు బొమ్మలో మహేందర్ గిన్నె కింద పెట్టాడు. బీరువా తెరిచాడు. ఒక చీర లాగి అంగీ కింద దోపుకున్నాడు. మళ్లీ గిన్నె ఎత్తుకుని పొగ తిప్పాడు.

దామోదర్ ఇంకోసారి చూశాడు. తర్వాత నవతను పైకి పిలిపించాడు.

"ఇంటి ముచ్చట బిడ్డా. నా భార్యకు తెలిస్తే అన్నం గూడ ముట్టది. వాణ్ని గుట్టుగ ఊరికి తోలేస్త. నువ్వు రేపు ఎప్పటిలెక్కనే రా."

"వస్త సేటూ. కానీ నా సంచి అందరి ముందట దులిపిన్రు. దొంగను కాదని గుట్టుగ అంటె ఎవలకు తెలుస్తది?"

దామోదర్ కిటికీ దగ్గర నిలబడి బజారు చూశాడు. చివరికి తువ్వాలతో ముఖం తుడుచుకుని మెట్లు దిగాడు. అమ్మాయిలందరినీ గల్లా దగ్గరికి పిలిచాడు. మహేందర్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"నవత చీర తియ్యలే," అన్నాడు దామోదర్. "తెల్వక అన్న. తప్పు నాది. మహేందర్, అంగీ కిందిది తీసి బల్ల మీద పెట్టు."

"బావా, ఏందిది..."

"పెట్టు."

మహేందర్ లేచి చీర తీశాడు. నవత ముందుకొచ్చి దాన్ని అందుకుంది. బల్ల మీద పరిచి, నలిగిన అంచును అరచేత్తో సాపు చేసింది.

"మడత పోయింది సేటూ. ఇస్త్రీకి పంపాలె," అంటూ చీర తీసుకుని వెనక మూలకు నడిచింది.