ఏడు గాజు పట్టీలు

పాత కోట ద్వారం కమాను కింద పదకొండు కొట్లున్నాయి. అందులో తాళాల కొట్టు మా బావది. కమానులో పగుళ్లు కనిపించాక ఏం చెయ్యాలన్నదాని మీద ఎనిమిది సమావేశాలు జరిగాయి. మొదటి ఏడింటిలో ఒకరి మాట ఒకరు విన్నారంటే ఒట్టు. పురాతన కట్టడాల శాఖ మేడమ్ రెండేళ్లు ఖాళీ చెయ్యండి, బాగుచేసి ఇస్తామంటుంది. కొట్లవాళ్లకు పెద్దదిక్కయిన బట్టల కొట్టావిడ, రెండేళ్లాగితే మా బతుకులు బాగుచెయ్యడానికి ఎవరొస్తారని అడుగుతుంది.

ఎనిమిదోసారికి ఒక మాట కుదిరింది. సున్నం మేస్త్రినైన నేను పగుళ్లకు అడ్డంగా ఏడు గాజు పట్టీలు సున్నంతో అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. ఆరు నెలలు ఏడూ నిలిస్తే కొట్లు నడుస్తుండగానే మరమ్మతు చేస్తారు. ఒక్కటి విరిగినా దాని కింది కొట్టువాళ్లు చెప్పాలి, అదే రోజు అందరూ ఖాళీ చెయ్యాలి. ప్రతి పట్టీ మీదా తారీఖు గీయమంది మేడమ్. నా చేతి పనిని నేను గుర్తుపట్టలేనా అని పౌరుషమొచ్చి గీయలేదు. ఆ పౌరుషాన్ని ఇప్పుడు తిట్టుకుంటే ఏం లాభం.

గడువు నిండిన రోజు పొద్దున్నే నిచ్చెనెక్కాను. ఆరు పట్టీలు చెక్కుచెదరలేదు. ఏడోదీ చెదరలేదు గానీ దాని రెండు చివర్లా సిమెంటు ఉంది. నేను సిమెంటు ముట్టి ఇరవై ఏళ్లు. అది సరిగ్గా మా బావ కొట్టు నెత్తిన ఉంది. కింద కొట్లో కూర్చున్న అక్క తలెత్తి చూసింది.

"ఏరా, అన్నీ బాగున్నట్టేనా?"

"దిగనీ అక్కా" అన్నాను. దిగాక మాత్రం ఆమె వైపు చూడకుండా వచ్చేశాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

మధ్యాహ్నం శాఖవాళ్ల ఆఫీసు గదిలో బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. ఒప్పంద పత్రం, పెన్నూ సిద్ధంగా ఉన్నాయి. బావ నా పక్క కుర్చీలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"చూశావా?"

"చూశాను. సిమెంటు ఎక్కడిది బావా?"

"మూడో నెలలో విరిగిందిరా. ఒక్కటేగా, మిగతా ఆరూ గట్టిగానే ఉన్నాయిగా. ఈ కొట్టు పోతే మీ అక్కా పిల్లలూ ఏం తినాలి?"

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే అక్క ఇల్లు నిలబడుతుంది. ఆ కమాను కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేదీ ఆ అక్కే.

"మేస్త్రిగారూ, మీరు చెప్తే సంతకాలు మొదలుపెడదాం" అంది మేడమ్.

"ఆరు బాగున్నాయి. ఏడోది నేను పెట్టింది కాదు."

బావ తల దించుకున్నాడు. బట్టల కొట్టావిడ లేచి నిలబడింది.

"ఎంత పని చేశావయ్యా తాళాలాయనా. నీ ఒక్కడి కోసం అందరి కొంపా..." అని, మధ్యలో ఆగిపోయింది. మెల్లగా కూర్చుంది. "మేస్త్రీ, మిగతా ఆరూ నీవేనా?"

"నావే. నా సున్నం నాకు తెలియదా?"

"మూడోది నేను మార్చాను. వానల్లో మా గోడ మూలకని నీ దగ్గర దోసెడు సున్నం పట్టుకెళ్లానే, దాంతోనే."

గడియారాల కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "ఒకటోది నేను." చివరి కుర్చీలోంచి చెప్పుల కొట్టాయన నాలుగోది తనదన్నట్టు నాలుగు వేళ్లు చూపించాడు. వాళ్లిద్దరికీ కూడా సున్నం నా చేత్తోనే ఇచ్చాను. ఎవరికి వారు తమ నెత్తిమీదిది ఒక్కటే విరిగిందనుకున్నారు. ఏ సంగతిలోనూ కలవని మనుషులు ఈ ఒక్క పనిలో నోరు విప్పకుండానే కలిశారు. నాకు కోపమొచ్చింది, దానికంటే ముందు భయమేసింది. నాలుగు చోట్ల విరిగిన గోడ మూడు నెలలుగా వాళ్ల మీద వేలాడుతోంది.

మేడమ్ ఒప్పంద పత్రం పక్కకు నెట్టి, తెల్లకాగితం మీద 'ఈ క్షణమే ఖాళీ' అని రాసింది. బట్టల కొట్టావిడ అందరికంటే ముందు సంతకం పెట్టింది. ఈసారి ఎవరూ వాదించలేదు.

బావ అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

"షట్టర్ దించకు. తాళం వెయ్యకు. బేరం సంగతి తర్వాత, ముందు నువ్వు బయటికి రా. పక్క కొట్లవాళ్లనీ లేపు." అటు మాట విన్నాడు. "రోడ్డు దాటారా అందరూ? అక్కడే నిలబడు."

అటునుంచి అక్క ఏదో అడిగింది. బావ నాకేసి చూశాడు.

"అవును," అన్నాడు, "నీ తమ్ముడే చెప్పాడు."