తిరగబడ్డ రేకు

పూతమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పల్చటి ప్లాస్టిక్ రేకు మీద వెండి నానోతీగల ద్రావణాన్ని కడ్డీతో లాగి, వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పూత పూయడంలో ఆ లాబులో ఆమెకు సాటి లేదు. ఆ పూత నిలిస్తే చాప చుట్టినట్టు చుట్టుకోగల సోలార్ పలక తయారవుతుంది.

రేకును యంత్రంలో పదివేల సార్లు వంచినా పూత పగలకూడదు. పగలకపోతే ఆమె ఉద్యోగం పర్మనెంటు, పగిలితే నెలాఖరుకి ఇంటికి. ఆరేళ్ళ కాంట్రాక్టు బతుకు మరి. ఆ రోజు మూడు గంటలకు పదివేలూ పూర్తయ్యాయి, పూత చెక్కుచెదరలేదు. పెద్దసారు అక్కడికక్కడే సిఫారసు కాగితం రాసేశాడు.

పూతమ్మ రేకును కవర్లో పెట్టబోతూ, చెయ్యి ఊరుకోక, మీటరు మొనలు పైన ఆనించింది. కరెంటు లేదు. తిప్పి ఆనించింది. ఉంది. కత్తిరించిన మూల వంక చూసింది.

కరెంటు పారేది పూత ఉన్న వైపే, అది ఏ వైపుందో కంటికి ఆనదు. అందుకే పూత పైకి పెట్టి కుడి మూల కత్తిరించడం అక్కడి అలవాటు. ఆరబెట్టి తీసేటప్పుడు రేకు తిరగబడింది, ఈ మహాతల్లి చూసుకోకుండా కత్తిరించేసింది. బయటికి సాగాల్సిన పూత పదివేల సార్లూ లోపలికి ముడుచుకుంది. అలాగైతే నాసిరకం పూతైనా నిలుస్తుంది. యంత్రం క్లిప్పులు రేకును రెండు వైపులా కరుచుకుంటాయి, పూత ఎటున్నా కరెంటు అందుతుంది గనక యంత్రం పసిగట్టలేదు. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని తిడుతుంది?

పెద్దసారు గది గుమ్మంలో చాలాసేపు నిలబడి, లోపలికెళ్ళింది.

"సార్, మూల తప్పు కత్తిరించాను. ఆ పరీక్ష చెల్లదండీ."

ఆయన కళ్ళజోడు తీశాడు. "కాగితం ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండీ."

అదే పూత వేసిన రెండో రేకును ఈసారి సరైన వైపు వంచారు. పద్దెనిమిది వందల దగ్గరే పగిలింది. ఆయన తిట్టలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పూతమ్మ మొగుడికి ఫోన్ చేసింది. "మూడింటికి పర్మనెంటయ్యాను. నాలుగున్నరకి పోయింది."

"ఎవరు పోగొట్టారే?"

"నేనే. తప్పు చేశాను, చెప్పేశాను."

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా," అన్నాడు.

"తెలిసేదయ్యా. పలకను నాలుగు నెలలు చుట్టి విప్పితే, కొన్నవాళ్ళకి తెలిసేది," అంది పూతమ్మ, ఏడుస్తూనే.