చెక్కల మధ్య విచ్చిన పువ్వు

నేను ఒక మొక్కల ప్రెస్‌ని. ప్రెస్ అనగానే మీకు ఇస్త్రీ దుకాణం గుర్తొస్తే తప్పేం లేదు. పత్రికాఫీసు గుర్తొస్తే అది సగం నిజం, నా కడుపులో ఎప్పుడూ ఉండేవి పాత పేపర్లే. రెండు చెక్కల చట్రాలు, వాటి మధ్య పేపర్ల దొంతర, ఆ మడతల్లో అడవిలోంచి తెచ్చిన మొక్కలు, అన్నిటినీ కలిపి బిగించే రెండు బెల్టులు. ఇదీ నా ఒళ్లు. మొక్కని చదునుగా నొక్కి, ఎండబెట్టి, ఎప్పుడో పుట్టబోయేవాడు కూడా చూసుకునేలా సాక్ష్యంగా మిగల్చడం నా వృత్తి. ముందు చంపడం, తర్వాత సాక్ష్యం చెప్పించడం. ఇలాంటి పని మనుషులకి తప్ప ఇంకెవరికి తడుతుంది?

పుట్టుకకి నేను బడి బెంచీని. విజయనగరం పక్కన ఒక హైస్కూల్లో ఉండేవాణ్ణి. పిల్లలు నా మీద కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంటే వినేవాణ్ణి. ఒక తుఫానుకి కప్పు కూలి నా కాళ్లు విరిగాయి. అంతటితో నా చదువు ఆగిపోయింది. నా పక్క బెంచీలు ఆ బడిలోనే ఉండిపోయాయి. అన్నేళ్లు చదివి అవి ఏం బావుకున్నాయో నాకు తెలియదు, నన్ను మాత్రం వీరాచారి అనే వడ్రంగి భుజాన వేసుకుపోయాడు. మంచి టేకు కదా, పారెయ్యడానికి చేతులు రాలేదట. సన్నటి బద్దలుగా కోసి, అడ్డంగా నిలువుగా పేర్చి, కలిసిన చోటల్లా రివిట్టు కొట్టాడు.

పని పురమాయించిన పరబ్రహ్మం మాస్టారు చూడ్డానికొస్తే, "కోళ్ల గూటికి తలుపులాండీ ఇవి?" అని అడిగాడు.

"కాదయ్యా, మొక్కలకి."

"మొక్కలు పారిపోతాయేటండీ?" అన్నాడు వీరాచారి.

మాస్టారు నవ్వలేదు. ఆయన నవ్వడం నేను చాలా అరుదుగా చూశాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. బెల్టు బిగించేటప్పుడు నా వీపు మీద మోకాలు ఆనించి, పళ్లు కొరికి లాగేవారు. నాలో పడిన మొక్క ఏదైనా అప్పడంలా అయిపోవాల్సిందే. అలాంటి మనిషి దగ్గర చదువుకున్నవాడు ఈశ్వరరావు. నా కథలో అసలు మనిషి అతనే.

ఈశ్వరరావు కుర్రాడిగా ఉన్నప్పుడు కొండ మీంచి ఒక ఆర్కిడ్‌ని తెచ్చాడు. చెట్ల కొమ్మల మీద, గాల్లోకి వేళ్లు వేలాడేసుకుని బతికే మొక్క. ఇది మన దేశంలో ఇంతవరకూ ఎవరూ చూడనిది అని పెద్ద సభలో లేచి చెప్పాడు. తీరా చూపించడానికి పువ్వు లేదు. అందులో నా తప్పేమీ లేదు, కొండ దిగే దారిలోనే రాలిపోయింది. ఆర్కిడ్‌లో ఏ జాతి ఏదో చెప్పేది పువ్వు. అందులోనూ పెదవిలా ముందుకు పొడుచుకొచ్చిన ఒక రేకు. అది లేకపోతే ఆకులన్నీ ఒకటే.

"పువ్వేదోయ్?" అని అందరి ముందూ అడిగారు మాస్టారు.

"రాలిపోయిందండీ."

"మొండెం చూపించి మనిషి పేరు చెప్పమంటావా?"

సభంతా నవ్వింది. తర్వాత ఎక్కడో అదే మొక్క పూసింది. చూస్తే రోడ్డు పక్కన కూడా దొరికే మామూలు జాతి. ఆ నవ్వు ఈశ్వరరావు చెవుల్లో ఎన్నేళ్లు మోగిందో చెప్పలేను. మాస్టారు పదవీ విరమణ రోజున నన్ను అతని చేతిలో పెట్టి, "ఇందులో పువ్వు పెట్టడం మరిచిపోకు," అన్నారు. ఆశీర్వాదమో, ఎత్తిపొడుపో. పెద్దమనుషులు రెండూ ఒకే గొంతుతో ఇస్తారు.

అలా ఈశ్వరరావు వీపెక్కి నేను అల్లూరి జిల్లా కొండలన్నీ తిరిగాను. అతని జుట్టు పలచబడింది, నా రివిట్లు తుప్పు పట్టాయి. మాస్టారిలాగే కాలేజీలో పాఠాలు చెప్పే అతనూ వచ్చే ఏడు రిటైరవుతాడనగా, వానలకి ముందు, పాడేరు అవతల పాంగి బుద్రి కాఫీ తోటకి వెళ్లాం.

కాఫీ మొక్కకి నీడ కావాలి, కానీ మరీ చీకటి పనికిరాదు. అందుకని ఏటా వానలకి ముందు తోటలోని పెద్ద చెట్ల కొమ్మలు నరికి కాస్త వెలుతురు రానిస్తారు. బుద్రి మొగుడు లేని మనిషి, తోట పని తనే చూసుకుంటుంది. ఆ రోజు పనస చెట్టు కొమ్మ ఒకటి నరికించింది. ఆ కొమ్మని పట్టుకుని ఉల్లిపాయల్లాంటి చిన్నచిన్న బుడిపెలతో ఆర్కిడ్ మొక్కలు. వాటిలో ఒక్కదానికే సన్నటి కాడ, కాడకి రెండు పువ్వులు. పేలవమైన పసుపు రంగు, పెదవి అంచున నూలు పోగుల్లాంటి కుచ్చు.

ఈశ్వరరావు నేల మీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టాడు. లేచేసరికి అతని చొక్కా నిండా మట్టి.

"బుద్రీ, ఇది సముద్రం అవతలి కొండల్లో ఉందని పుస్తకాల్లో చదివాను. మన దేశంలో ఉందని ఎవరూ రాయలేదు," అన్నాడు.

"దేనికి పనికొస్తాది సారూ?"

"దేనికీ పనికి రాదు."

"తల్లో ఎట్టుకుందామంటే వాసన లేదు. కూరొండుకుందామంటే పీసు. మరి నువ్వు అలగ పొర్లాడతన్నావేటి?"

కొండ మీది వాళ్లకి మీరు అనడం అలవాటు లేదు, సారుని కూడా నువ్వే అంటారు. నాకు అది నచ్చుతుంది. నన్ను మాత్రం ఎవరు మీరు అన్నారు కనుక.

ఈశ్వరరావు పువ్వులున్న ఒక్క మొక్కనే తీసుకున్నాడు. మిగతావాటిని మళ్లీ పనస మానుకి కట్టాలని బుద్రిని పాత చీర పేలిక అడిగాడు. "మొక్కకి కోక కడతావా?" అని ఆవిడ పడీపడీ నవ్వింది, నవ్వుతూనే చింపి ఇచ్చింది. ఫోన్లో ఫోటోలు కూడా తీసుకున్నాడు. అయితే ఫోటోని నీళ్లలో నానబెట్టి, రేకు విప్పి, లోపల ఏముందో చూడలేరు. దానికి నేనే కావాలి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆర్కిడ్ మొండి మొక్క. మామూలు మొక్కలా నాలో పెట్టగానే చావదు. బుడిపెల్లో దాచుకున్న నీళ్లతో లోపల బతుకుతూనే ఉంటుంది, కుళ్లి పక్క మొక్కల్ని కూడా పాడు చేస్తుంది. అందుకే ముందు మరిగే నీళ్లలో ఒక్క ముంచు ముంచి, ఆ తర్వాత పేపర్లో పెడతారు. ఈశ్వరరావు బుద్రిని నీళ్లు మరగబెట్టమన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషి నీళ్లు మరగబెట్టమంటే ఎందుకో వేరే చెప్పాలా? తన తోటలో పండించి, తనే వేయించి, రోట్లో దంచిన కాఫీ పొడి వేసింది, బెల్లం ముక్క వేసింది, గిన్నె దించి తీసుకొచ్చి ముందు పెట్టింది.

ఈశ్వరరావు ఒక చేతిలో మొక్క పట్టుకుని గిన్నె వైపు చూశాడు.

"ఇదేంటి బుద్రీ?"

"కాఫీ. నువ్వే కదా మరగెట్టమన్నావు."

"నీళ్లు కావాలన్నాను."

"నీళ్లు లేకుండా కాఫీ అవుద్దేటి?"

మళ్లీ పెట్టమందామంటే కింద మలుపులో జీపు హారన్ కొట్టింది. ఆ రోజుకి అదే ఆఖరి జీపు. పైన మబ్బు కమ్మేసింది. కాఫీ ఊదుకుని తాగి, మొక్కని అలాగే పేపర్లో పరిచి, నన్ను కట్టేసి పరిగెత్తాడు. ఇంటికెళ్లాక ముంచుకోవచ్చులే అనుకున్నాడు. మనుషుల బతుకంతా ఆ 'ఇంటికెళ్లాక'లోనే పోతుంది.

ఇంటికి చేరేసరికి చలిజ్వరం. తెల్లారేసరికి ఒళ్లు తెలియలేదు. అతని భార్య రత్నమాల నన్ను తీసి బియ్యం డబ్బా మీద పెట్టింది. ఆస్పత్రికి పరుపు, క్యారేజీ పట్టుకెళ్లాలి, స్కూటరు మీద కట్టడానికి తాడు కనబడలేదు. నా బెల్టు ఒకటి ఊడదీసి పట్టుకుపోయింది. మాస్టారు చూసి ఉంటే గుండె ఆగిపోయేది. ఒక్క బెల్టుతో, ఒక పక్క వదులుగా, కడుపులో చావని మొక్కతో నేను ఆ చీకటి వంటింట్లో పడి ఉన్నాను. పేపర్లు మార్చే దిక్కు లేదు. రెండు పువ్వులూ మెల్లగా చెమర్చి, నల్లబడి, జిగురైపోవడం నాకు తెలుస్తూనే ఉంది. సాక్ష్యం కుళ్లిపోతోంది, నేను నోరు లేనివాణ్ణి.

అయితే ఇంకోటి కూడా తెలిసింది. వదులైన పక్కన ఏదో కదిలింది. చాలా మెల్లగా, లోపలి నుంచి నన్ను నెట్టింది. నా జన్మలో నన్ను అలా నెట్టిన మొక్క లేదు.

ఈశ్వరరావు ఆస్పత్రి నుంచి వచ్చాడు, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు ఉన్నాడు. నన్ను చూశాడు, చూపు తిప్పేసుకున్నాడు.

"విప్పండి," అంది రత్నమాల.

"ఏముంటుంది విప్పడానికి. మళ్లీ ఆకులే." అన్నాడు ఈశ్వరరావు. "మాస్టారు బతికుండగా ఒక్కసారి చూపించాలనుకున్నాను. ఆయనకి చూపు పోతోందట. ఇది మళ్లీ పూసేది వచ్చే ఏడే, అప్పటికి నేను చూపించినా ఆయన చూడలేరు."

"సరే, పారెయ్యడానికైనా విప్పాలిగా," అని ఆవిడే బెల్టు లాగింది. పై పేపరు తీయగానే ఘాటైన కుళ్లు వాసన. నల్లటి మరక. ఈశ్వరరావు కళ్లు మూసుకున్నాడు.

"ఏవండీ, ఇది చచ్చిపోయిందంటారా?"

"చచ్చిపోయే ఉంటుంది."

"చచ్చిపోతే పువ్వెలా పూస్తుందండీ?"

అతను చూడని మొగ్గ అది. ఆకు కింద కాడ అడుగున గింజంత ఉండి ఉంటుంది. బెల్టు లేని పక్కన దొరికిన ఆ కాస్త సందులో విచ్చుకుంది. వెలుతురు లేక రంగు రాలేదు, తెల్లగా ఉంది. పెదవి, పెదవి అంచున కుచ్చు, అన్నీ ఉన్నాయి. రేకులు నలగలేదు.

"ఇక్కడుండాల్సిన బెల్టు ఏది?" అన్నాడు.

"మీ పరుపు కట్టడానికి నేనే తీశాను. తిడతారా?"

అతను తిట్టలేదు. ఆవిడ చేయి పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నీరసమో, ఇంకేమిటో. చాలాసేపటికి లేచి పువ్వుని స్పిరిట్ సీసాలో వేశాడు. బుడిపెల్లో సగం, ఒక ఆకు ఈసారి నిజంగానే వేడినీళ్లలో ముంచి నాలో పెట్టాడు. మిగతా సగం కొబ్బరి పీచు మీద కట్టి పెరట్లో నీడన వేలాడదీసింది రత్నమాల. ఇంత మొండిదాన్ని చంపడానికి మనసొప్పలేదంది.

పరబ్రహ్మం మాస్టారి ఇంటికి నన్ను కూడా తీసుకెళ్లాడు. ఆయన మైక్రోస్కోపు మీద వాలి చాలాసేపు లేవలేదు. పెదవి మొదట్లో ఉన్న రెండు పులిపిర్లనీ సూదితో కదిపి చూశారు. ఒక కంటితో అలసిపోయి రెండో కన్ను పెట్టారు.

"పువ్వు చదునుగా లేదు. నా ప్రెస్‌ని నువ్వు వదులుగా కట్టావు," అన్నారు చివరికి.

"వదులుగా కట్టబట్టే పువ్వుంది మాస్టారూ."

"నా దగ్గర నేర్చుకున్నది అదేనా?"

"కాదండీ. అది మా ఆవిడ దగ్గర."

అప్పుడు నవ్వారు మాస్టారు. నేను పుట్టాక అదే మొదటిసారి అలా పళ్లు కనబడేలా నవ్వడం. "రాయవోయ్. దేశంలో మొదటిసారి అని రాయి. నేను చూశానని కూడా రాయి," అన్నారు.

రాశాడు. ఎండిన మొక్కలు దాచే పెద్ద భవనంలో ఇనప బీరువాలో ఇప్పుడా మొక్క అట్టకి అతికి ఉంది. దాని లాటిన్ పేరు నాకు నోరు తిరగదు, బడి మధ్యలో మానేసినవాణ్ణి కదా. అచ్చయిన వ్యాసంలో చాలామందికి కృతజ్ఞతలు ఉన్నాయట. బుద్రి పేరు ఉంది, రత్నమాల పేరు ఉంది. నా పేరు లేదు. నాకో పేరంటూ ఉంటే కదా అని సరిపెట్టుకున్నాను.

మరుసటేడు వానలకి ముందు మళ్లీ బుద్రి తోటకి వెళ్లాం. రిటైరైన మనిషికి పనేముంది. పెరట్లో బతికిన ఆ సగం మొక్కని తీసుకెళ్లి పనస మానుకి కట్టాడు. పాత చీర పేలికలు చివికిపోయాయి, మొక్కలు మాత్రం వేళ్లతో మానుని కరిచి పట్టుకున్నాయి. రెండింటికి పువ్వులు. ఆ చెట్టు కొమ్మలు బుద్రి ఈసారి నరికించలేదు. ఎందుకని అడిగితే, "కట్టిన కోక నాది, నరికేస్తే కోక దండగ," అంది.

ఈశ్వరరావు భూతద్దం పెట్టి చూశాడు, ఫోటో తీసుకున్నాడు. ఒక్క పువ్వు కూడా కోయలేదు. నన్ను వీపు మీంచి దించి రాతి మీద పెట్టి, నా మీద కూర్చున్నాడు. బెంచీగా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత ఒక మనిషి నా మీద ఊరికే కూర్చున్నాడు.

గుడిసెలోంచి బుద్రి గొంతు వినబడింది.

"ఈపాలి ముందే సెప్పు సారూ. నీళ్లా, కాఫీయా?"

"కాఫీయే బుద్రీ," అన్నాడు ఈశ్వరరావు.

ఆ రోజు నేను ఖాళీ పేపర్లతో ఇంటికొచ్చాను. ఒకే బెల్టు, అదీ వదులుగా.