హాజరు సంతకాలు

తెనాలి విజయసారథి మాష్టారంటే తగవులు తీర్చడంలో పెద్ద పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

అడవులదీవి దగ్గర రొయ్యల చెరువుల వాళ్ళకీ వరి రైతులకీ రెండేళ్ళుగా గొడవ. చెరువుల ఉప్పునీళ్ళు మురుగుకాలువలోకి వదిలితే చేలు చౌడుబారతాయని రైతులు, వదలకపోతే రొయ్య చస్తుందని చెరువుల వాళ్ళు. అందరినీ ఒప్పించి కాగితం తెమ్మని బాపట్ల ఆఫీసరు మాష్టారిని పంపాడు. ఊళ్ళో మీటింగు పెట్టారు. రాగానే అందరి చేతా హాజరు పట్టీలో సంతకాలు చేయించడం మాష్టారి అలవాటు. ఇక మూడు గంటలు అరుచుకున్నారు. అరిచి అరిచి అలిసిపోయి చివరికి అంతా ఊరుకున్నారు. ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు మహానుభావుడు! రేపల్లెలో రైలెక్కి, తెనాలి చేరేలోగా, వారానికి రెండు రోజులు నీళ్ళు వదులుకోవచ్చని తీర్మానం తనే రాసేసి, దానికి ఆ హాజరు పట్టీ పెట్టి పిన్ను కొట్టాడు. ఎంత తేలిగ్గా తెమిల్చానా అని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఆఫీసరు ఆర్డరు వేసే రోజు రెండు పక్షాలూ బాపట్ల వచ్చాయి. కాలువ గట్టునే ఎకరంపావు చేను ఉన్న శేషారత్నం లేచింది.

“మమ్మల్నడక్కుండా ఇదెట్టా రాశారండీ?”

ఆఫీసరు కాగితం తిప్పి చూపించాడు. “మరి ఈ సంతకం మీది కాదా అమ్మా?”

ఆవిడ వంగి చూసుకుంది. “నాదేనండి,” అంటూ అయోమయంగా మాష్టారి వైపు తిరిగింది. “నేనెప్పుడు ఒప్పుకున్నానండి మాష్టారూ? నాకు గుర్తే లేదేంటి?”

మాష్టారికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పాపం, ఆవిడ తన మతిమరుపే అనుకుంటోంది! నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆవిడ చేను పోతుంది. సిగ్గుతో చెవులు మండిపోతుంటే లేచి నిలబడ్డాడు.

“ఆవిడ ఒప్పుకోలేదండి. ఎవరూ ఒప్పుకోలేదు. అవి హాజరు సంతకాలు. తీర్మానం నేను రైల్లో రాసుకున్నాను.”

“ఇదాండీ మీ పెద్దరికం!” అని చెరువుల బ్రహ్మానందం ఎగిరిపడ్డాడు. ఆఫీసరు మొహం చిట్లించి ఆర్డరు ఆపేశాడు. మళ్ళీ మీటింగు పెట్టమన్నాడు.

వరండాలో మాష్టారు శేషారత్నానికి ఎదురెళ్ళాడు.

“తప్పయిపోయిందమ్మా. ఈసారి ప్రతి ముక్కా చదివి వినిపించాకే సంతకం అడుగుతాను.”

“చదవడం నాకూ వచ్చండి,” అంది శేషారత్నం. “ఆ రోజు అది దేనికని కూడా అడక్కుండా పెట్టాను. మీరున్నారుగా అని.”