ముక్కు నాకేదాకా

నవంబరు పదిహేడు, గురువారం. రెండేళ్ళు గడిచినా ఆ తేదీ నాకు గుర్తుంది. ఆ సాయంత్రం మేం తిన్నది అడవి బియ్యం సూపు, ముందురోజు మిగిలిన రొట్టె. నా గిన్నెలోది సగం మిసెస్ లండ్ నాకేసింది. పదిహేనేళ్ళ పిల్లి, అంతవరకూ మా తిండి ముట్టని మర్యాదస్తురాలు, బల్లెక్కి మరీ తింది. ఎంత తిన్నా వెన్నుపూసలు లెక్కపెట్టేలా చిక్కిపోతోంది. ఆరోజు క్లినిక్‌కి సెలవు పెట్టి తీసుకెళ్తే, మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ దాని మెడ తడిమి, థైరాయిడ్ గ్రంథి ఉబ్బిందని చెప్పింది. అందుకే గుండె అలా పరుగెడుతోందట. బతికున్నన్నాళ్ళూ పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, సరిగ్గా పన్నెండు గంటల తేడాతో వెయ్యాలంది. మా ఆయన వెర్లిన్ రొట్టె సూపులో ముంచుకుంటూ, "ఇంకేం ఆర్డీ, నోళ్ళు తెరిపించడం నీకు రోజూ ఉన్నదేగా," అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పని ఎవరిదో ఆ నవ్వుతోనే తేలిపోయింది.

నేను పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేస్తాను. ముప్పై ఒక్కేళ్ళుగా ఈ డులూత్ ఊళ్ళో సగంమంది నోళ్ళు నా వేళ్ళకి తెలుసు. ముప్పావుగంట వంగి గీకి, రుద్ది, కడిగాక డాక్టరు వచ్చి రెండు నిమిషాలు అద్దం తిప్పి చూసి, "చక్కగా ఉన్నాయండీ," అంటాడు. "థాంక్యూ డాక్టర్," అంటారు వాళ్ళు. అది నాకు అలవాటైపోయింది. ఇంటి దగ్గర కనీసం ఆ డాక్టరు కూడా రాడు.

మిసెస్ లండ్ అసలు నా పిల్లి కాదు. మా అమ్మాయి సిగ్రిడ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు చర్చి గుమస్తా ఇంట్లోంచి తెచ్చుకుంది. బూడిదరంగు, కళ్ళజోడు మీదుగా చూసినట్టుండే చూపు. అందుకే తన మూడో తరగతి టీచరమ్మ పేరే దానికి పెట్టేసింది. తర్వాత పిల్ల పెద్దదై డెన్వర్‌లో ఉద్యోగానికి వెళ్తూ, "అమ్మా, నా అపార్ట్‌మెంట్‌లో పిల్లుల్ని ఒప్పుకోరు," అంది. ఇంట్లో ఎవరికీ చెందనివన్నీ చివరికి నావే అవుతాయి.

పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. మాత్రని వెన్నలో దొర్లించి, వంటింటి నేల మీద కూర్చుని, మిసెస్ లండ్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో దవడ పట్టి, కుడిచేతి నడిమివేలితో కింది పళ్ళు నొక్కి, నాలుక మొదట్లో పడేసి, నోరు మూసి గొంతు నిమరాలి. పని అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. అది మాత్రని బుగ్గలో దాచుకుని, మింగినంత అమాయకంగా కళ్ళు మూసుకుంటుంది. వదిలేస్తే ఎక్కడికో పోయి ఉమ్మేస్తుంది. నిజంగా మింగితే ముక్కు నాక్కుంటుంది. గులాబీ రంగు నాలుక ఒక్కసారి పైకొచ్చి ముక్కు మీద తిరగాలి. అంతవరకూ కదలకూడదు. ఒక్కోసారి అరనిమిషం, ఒక్కోసారి ఐదు నిమిషాలు. కాఫీ చల్లారుతుంది, బస్సు వెళ్ళిపోతుంది. అయినా కూర్చోవాలి.

రెండేళ్ళుగా నా రోజు పన్నెండు గంటల పొడుగున్న పలుపుతాడు. పాతిక మైళ్ళ దూరంలో మా అక్క అరవయ్యో పుట్టినరోజైతే, కేకు కొయ్యకముందే లేచి వచ్చేశాను. "పిల్లికోసమా!" అంది అక్క. వెర్లిన్ అప్పటికే ఖనిజం ఓడలకెత్తే రేవులో పని చాలించి రిటైరయ్యాడు. పగలంతా ఇంట్లోనే ఉంటాడు. నేను క్లినిక్‌లో ఎనిమిదింటిదాకా ఉండే మంగళ, గురువారాల్లో మాత్రం సాయంత్రం మాత్ర అతనే వేస్తాడు. "ఇచ్చావా?" అంటాను, కోటు విప్పకుండానే. "ఇచ్చాను, ఇచ్చాను," అంటాడు టీవీలో హాకీ చూస్తూ. మిసెస్ లండ్ అతని ఒళ్ళోనే ఉంటుంది. నా చెప్పుల చప్పుడు వినగానే దూకి పారిపోతుంది. అతను దాని నోటికి పంది మాంసం పీలికలు అందిస్తాడు, నేను మందు పెడతాను. "చూశావా, ఎవరు మంచివాళ్ళో జంతువులు ఇట్టే కనిపెట్టేస్తాయి," అంటాడు అందరిముందూ. అందరూ నవ్వుతారు. దానిని బతికిస్తున్న చేతిని చూసే అది పారిపోతోందని నేను ఎవరికి చెప్పను? సిగ్రిడ్ చిన్నప్పుడూ ఇంతే. దగ్గు మందు నాది, ఐస్‌క్రీమ్ అతనిది.

ఈ అక్టోబరులో మిసెస్ లండ్‌కి రక్తపరీక్ష చేశారు. థైరాయిడ్ అంకె పెరిగింది. గుండె మళ్ళీ పరుగెడుతోంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిదే. "మాత్రలు సరిగ్గా పడుతున్నాయా, ఆర్డిస్ గారూ?" అంది నా కళ్ళలోకి చూస్తూ. పక్కనే పిల్లి బుట్ట పట్టుకుని నిలబడ్డ వెర్లిన్ గోడమీది కుక్కజాతుల బొమ్మలు చూస్తున్నాడు. "ఎప్పుడైనా కక్కిందేమోనండీ," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఎవరూ నేరం మోపకముందే ఒప్పేసుకునే నోరు నాది. "మోతాదు పెంచేముందు కొంచెం చూద్దాం. ఒకటీ అరా తప్పితే పర్వాలేదు గానీ, ఇలాగే తప్పుతూ పోతే గుండె తట్టుకోలేదు," అంది. కారులో వెర్లిన్, "నువ్వు ఈమధ్య ఆ పాటల గొడవలో పడి పరాగ్గా ఉంటున్నావు, ఆర్డీ," అన్నాడు. జాలిగానే అన్నాడు.

పాటల గొడవంటే మా చర్చి గాయక బృందం. మే నెలలో పది రోజులు నార్వే వెళ్తోంది. అక్కడ మూడు ఊళ్ళలో పాడతాం. కింది స్వరంలో నాకొక ఎనిమిది పాదాలు ఒంటరిగా పాడమని ఇచ్చారు. ఒంటరిగా! వచ్చేవాళ్ళు పేరు రాసివ్వాల్సిన కాగితం మూడు వారాలుగా మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఆదివారంతో గడువు ముగుస్తుంది. "వెళ్ళు, నేనేమైనా వద్దన్నానా?" అన్నాడు వెర్లిన్. ఒక్క క్షణం ఆగి, "మరి మిసెస్ లండ్?" అన్నాడు. వద్దనలేదు నిజమే. ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఎప్పుడూ దేనికీ వద్దనలేదు.

మొన్న గురువారం ఆహో గారని ఒక పెద్దాయన పళ్ళు చూపించుకోవడానికి వచ్చారు. ఎనభై రెండేళ్ళు, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవారు. భార్య పోయి నాలుగేళ్ళు. నేను గ్లౌజు మార్చుకుంటుంటే నా బొటనవేలి మీది గాట్లు చూశారు.

"పిల్లి గీరిందా?"

"అవునండీ."

"మందా?"

"థైరాయిడ్."

"అబ్బో! మా పిల్లి టిల్లీకీ అదే. మా ఆవిడ హెల్మీ పోయాక ఏడాదిన్నర నేనే వేశాను." పెద్ద పనిమంతుడిలా వేలు ఎత్తారు. "ముక్కు నాకేదాకా కదలకూడదమ్మా!"

నాకు నవ్వొచ్చింది. రెండేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయనే. "మీకెవరు చెప్పారండీ?"

"హెల్మీ. ఆస్పత్రి మంచం మీంచి రాసిచ్చింది. పిల్లికొక కాగితం, బట్టలు ఉతికే మిషన్‌కొకటి, తోటకొకటి. అంతకుముందు నన్ను నేర్చుకోమని ఎన్నిసార్లు అడిగిందో!" కుర్చీలో వెనక్కి వాలారు. "నేను నేర్చుకోవడానికి ఆవిడ చచ్చిపోవాల్సి వచ్చింది, ఆర్డిస్. అది తలుచుకుంటే నాకు బాగుండదు."

లేచి వెళ్తూ డాక్టరుకి తల ఊపి, నావైపు తిరిగి, "థాంక్యూ అమ్మా. ఆ చేతికి కాస్త ఆయింట్‌మెంట్ రాయి," అన్నారు. ఆ చిన్న మాట పట్టుకుని సాయంత్రందాకా గడిపాను.

శనివారం పొద్దున మంచు బాగా పడింది. వెర్లిన్ వెనక గుమ్మం దగ్గర కూర్చుని, సరస్సు గడ్డకట్టాక చేపలు పట్టడానికి వేసుకునే పెద్ద బూట్లు బయటికి లాగాడు. అవి పోయిన చలికాలం నుంచి ఆ మూల పక్కకి ఒరిగి పడున్నాయి. కాలు పెట్టి, "ఇదేంటి, గులకరాళ్ళు!" అన్నాడు. బోర్లించి దులిపాడు. నేల మీద చిన్న చిన్న మాత్రలు దొర్లాయి. కొన్ని కరిగి లోపలి ఉన్నికి అంటుకుపోయాయి. ఏరితే పదకొండు. దుమ్ము పట్టిన గులాబీ రంగు.

"నేను ఇచ్చాను ఆర్డీ. ఒట్టు. నోట్లో వేశాను."

"వేశావు. తర్వాత?"

"తర్వాతేముంది? అది వెళ్ళిపోయింది. నేను టీవీ దగ్గరికి వెళ్ళిపోయాను." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "బతికే ఉందిగా."

అతను అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అబద్ధమైతే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. అతను అన్నీ నోటిదాకా తెచ్చి వదిలే మనిషి. ఉతికే మిషన్‌లో బట్టలు వేస్తాడు, అవి తడితో కంపుకొట్టేదాకా తీసేది లేదు. ఆఖరి ఏడాది వాళ్ళమ్మ మా ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఆవిడ చెయ్యి పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి నడిపించేవాడు, నుదుటిమీద ముద్దు పెట్టేవాడు. చుట్టాలంతా ఎంత మంచి కొడుకో అని కళ్ళు తుడుచుకునేవారు. ఆవిడ ముద్ద బుగ్గలో పెట్టుకుని గంటసేపు కూర్చుంటే, మింగేదాకా పక్కన కూర్చున్నది నేను. "అమ్మ తిందా?" అని గుమ్మంలోంచి అడిగేవాడు. నేను తిందంటే తిన్నట్టే. ఇవ్వడానికి క్షణం చాలు. అది లోపలికి దిగిందో లేదో చూడటానికే ముప్పై నాలుగేళ్ళ నా కాపురమంతా పట్టింది. ఆ చూడటాన్ని పనంటారని నాకూ తెలియదు. చేతులు కదలవు కదా. కూర్చున్నట్టే కనిపిస్తుంది. అందుకే అతను అంటాడు, "నువ్వు ఊరికే కూర్చుని బుర్ర పాడుచేసుకుంటావు, ఆర్డీ," అని.

పదకొండు మాత్రలూ ఒక సాసర్లో పోసి, అతని కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఫ్రిజ్ మీంచి కాగితం తీసి నా పేరు రాశాను. ఆహో గారి భార్య తన కాగితాలు ఆస్పత్రి మంచం మీద రాసింది. నేను నా కాగితం వంటింటి బల్ల దగ్గర, కళ్ళజోడు పెట్టుకుని, ఒంట్లో అన్నీ బాగుండగానే రాశాను. నేర్పడానికి నేను చావక్కర్లేదు. పది రోజులు ఊరెళితే చాలు.

"ఇవాళ్టి నుంచి రెండుపూటలా నువ్వే," అన్నాను. "మే నెలకి ఆర్నెల్లుంది. మూడు వారాల్లో మళ్ళీ రక్తపరీక్ష. తీసుకెళ్ళేదీ నువ్వే. డాక్టరమ్మ అడిగితే చెప్పేదీ నువ్వే."

"సరే, సరే. పిల్లికి మాత్రేగా. రాకెట్ నడపమన్నట్టు చెప్తున్నావు."

ఆ సాయంత్రం ఏడింటికి నేను పాటల కాగితాలు తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రికిక బయటికి రాకూడదనుకున్నాను. అయినా తలుపు కొంచెం తెరిచే ఉంచాను. వంటింట్లో అతని మోకాళ్ళు పటపటమనడం, కుర్చీ పడడం, "అబ్బా, కొరికావే!" అనడం, అన్నీ వినిపించాయి. నా ఎనిమిది పాదాల్లో రెండో పాదం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. నా చేతులు నాకు తెలియకుండానే దవడ పట్టుకునే ఆకారంలో వంగి ఉన్నాయి.

అప్పుడు మిసెస్ లండ్ పరుగున వచ్చింది. తలుపు సందులోంచి దూరి, నా మంచమెక్కి, నా తొడ వెనక మొహం దాచుకుంది. రెండేళ్ళలో అది నావైపు పరుగెత్తి రావడం అదే మొదటిసారి. వీపుమీద చెయ్యి వేశాను. పక్కటెముకల కింద దాని గుండె, లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది.

వెర్లిన్ గుమ్మంలో నిలబడ్డాడు. వేలికి పేపర్ నాప్‌కిన్ చుట్టుకున్నాడు. "ఇచ్చానోయ్. మింగిందంటావా? కాస్త నోరు తెరిచి చూడు."

చూడటం నాకు క్షణం పని. బుగ్గ నొక్కితే తెలిసిపోతుంది. ఒకవేళ మాత్ర ఆ బుగ్గలోనే ఉంటే? ఈ ఒక్క పూటకి, దాని ముసలి గుండె కోసం, చూస్తే ఏం పోతుంది? ముప్పై నాలుగేళ్ళుగా నేను నాతో చెప్పుకున్నదీ అదే. ఈ ఒక్క పూటకే.

మిసెస్ లండ్‌ని ఎత్తుకున్నాను. దాని మొహంకేసి చూడలేదు. గుమ్మం దాటి, అతని కాళ్ళ దగ్గర నేలమీద దింపాను.

"కూర్చో, వెర్లిన్," అన్నాను. "ముక్కు నాకేదాకా."

చప్పుడు కాకుండా తలుపు వేశాను. ఆ గుండె ఇంకా నా అరచేతిలోనే కొట్టుకుంటోంది.