ఒడ్డు ముందు పావుగంట

ఫిన్లేని ప్రాణాలతో ఆఖరిసారి చూసింది నేనే. ఆ మాట నా కూతురు ఎఫీకి, అంటే వాడి కన్నతల్లికి, చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

వాడు ఎఫీకి ఒక్కడే కొడుకు. ఎఫీ పట్నంలో బడి వంటగదిలో పని చేసేది కాబట్టి వాడు పెరిగిందంతా నా దగ్గరే. నా ఓట్స్ జావ తాగి, నా ఉప్పుచేప తిని, నా కొట్టం పైకప్పు ఎక్కి, కిందపడి ఎడమ భుజం విరగ్గొట్టుకుని పెరిగాడు. ఇరవై ఆరేళ్లొచ్చాయి, వడ్రంగి పని నేర్చాడు, చేతిలో మంచి పని ఉంది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక చలికాలం మా కొట్టంలో చెక్కలు పరుచుకుని ఒక్క మనిషి కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పొడవాటి కయాక్ ఒకటి తయారు చేయడం మొదలుపెట్టాడు. అది పడవ కాదు, బఠానీకాయలో మనిషిని కూర్చోబెట్టినట్టుంది అన్నాను. నువ్వు కూర్చుంటే మునుగుతుందిలే అమ్మమ్మా, నీ కోసం కాదు అన్నాడు. వాడికి నోరెక్కువ. నా పోలికే.

మేముండే ఈ లూయిస్ దీవి మొత్తం చుట్టి రావాలని వాడి కోరిక. మా ఒడ్డు నుంచే బయలుదేరి, ఉత్తరపు కొస దాటి, తూర్పు పక్కన కిందికి దిగి, హారిస్ కొండలు చుట్టుకుని, పడమటి పక్కగా మళ్లీ మా ఒడ్డుకే చేరాలి. ఒంటరిగా, రెండు చేతుల బలంతో. వాతావరణం ఒప్పుకుంటే మూడు వారాలు, ఒప్పుకోకపోతే నాలుగు. ఇక్కడ పుట్టి ఈ దీవి ఎలా ఉంటుందో సముద్రం వైపు నుంచి చూడలేదంటే సిగ్గుగా ఉంది అన్నాడు. ఎఫీ ఏడ్చింది. నేను ఏడవలేదు, ఒక షరతు పెట్టాను. ఆదివారం నీళ్లలోకి దిగకూడదు అన్నాను. మా ఊళ్లో ఆదివారం పడవ కదలదు, తాడు మీద బట్ట ఆరదు, తోటలో పార కనపడదు. కూరగాయలు కూడా శనివారమే తరిగి పెట్టుకుంటాం. అందులో పుట్టి పెరిగినవాడే కాబట్టి వాడు నవ్వి, సరే, మాట అన్నాడు.

మే నెలాఖరున వెళ్లాడు. ఊరంతా ఒడ్డుకొచ్చింది. నా పక్కింటి మర్దో మా చర్చిలో పాట ఎత్తుకునే పెద్దమనిషి. నాతో పాటు బళ్లో చదువుకున్నవాడే, నన్ను ఇప్పటికీ పెగీ అనే పిలుస్తాడు. గంభీరంగా నిలబడి, ఫిన్లే చేతిలో ఒక జత ఉన్ని మేజోళ్లు పెట్టి, ఇవి తడిపి తెచ్చావంటే నీతో మాట్లాడను అన్నాడు. అంతా నవ్వారు.

మొదటి సోమవారం ఫోన్ చేశాడు. నిన్నంతా గుడారంలో కూర్చుని గొర్రెలకు ప్రసంగం చెప్పాను అమ్మమ్మా, ఒక్కటీ నిద్రపోలేదు, మన చర్చి కంటే నయం అన్నాడు. నోరు కడుక్కో అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. రెండో ఆదివారం, మూడో ఆదివారం కూడా వాడు ఒడ్డునే కూర్చున్నాడు. మూడో ఆదివారం అద్దంలాంటి సముద్రం వాడి ముందు ఉత్తినే పడి ఉందట. మరునాడు గాలి లేచి నాలుగు రోజులు కదలనివ్వలేదు. ఆ విషయం చెప్పినప్పుడు వాడి గొంతులో నవ్వు లేదు. నేను పట్టించుకోలేదు.

నాలుగో శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మా ఊరికి దక్షిణంగా పదిహేను మైళ్లలో ఉన్నాడు. తిండి అయిపోవచ్చింది, భుజం నొప్పి పెడుతోంది.

“సోమవారం నుంచి వాయవ్యపు గాలి అమ్మమ్మా. వారం పాటు తగ్గదంటున్నారు. రేపు పొద్దున మాత్రం నెమ్మదిగా ఉంటుంది.”

“రేపు ఆదివారం ఫిన్లే.”

ఫోన్లో గాలి చప్పుడు వినిపించింది.

“తెలుసు అమ్మమ్మా” అన్నాడు.

తెలుసు అన్నాడు గానీ, ఆగుతాను అనలేదు. నేను దాన్ని మాట ఇచ్చినట్టుగానే తీసుకున్నాను. తిండి కావాలంటే రోడ్డు మీదికి నడిచి రా, ఎవరో ఒకరు కారులో ఎక్కించుకుంటారు అని చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు మా ఒడ్డు సంగతి చెప్పాలి. అది గులకరాళ్ల ఒడ్డు. సముద్రంలోంచి చూసేవాడికి అల వీపు మాత్రమే కనిపిస్తుంది, నోరు కనపడదు. బయట నుంచి చూస్తే బుజ్జి అలలాగే ఉంటుంది. తీరా దగ్గరికొస్తే పడవని ఎత్తి రాళ్ల మీద కొడుతుంది. అందుకని మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. పడవ వస్తుంటే ఒడ్డున ఉన్న ఆడవాళ్లు కిందికి దిగి అల చూస్తారు. దిగొచ్చు అనుకుంటే ఇంటి ముందు తాడు మీద తెల్లటి దుప్పటి వేస్తారు. దుప్పటి లేకపోతే రావద్దని. అప్పుడు ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లరాతి ముక్కు చుట్టి, దాని వెనకున్న చిన్న రేవులోకి పోవాలి. ఇప్పుడు వేటపడవలే లేవు కాబట్టి ఆ దుప్పటి పని కూడా పోయింది. కానీ ఫిన్లేకి చిన్నప్పటి నుంచి నేనే చెప్పాను. వెళ్లేటప్పుడు, వచ్చే రోజు నీ దుప్పటి ఉతికి ఉంచు అమ్మమ్మా అని అడిగి మరీ వెళ్లాడు.

ఆదివారం పొద్దున పదకొండు గంటలు దాటింది. నల్ల గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, వంటింటి కిటికీ దగ్గర నిలబడి మర్దో కోసం చూస్తున్నాను. ఇద్దరం కలిసి చర్చికి నడుస్తాం. సముద్రం మీద దక్షిణం వైపు నుంచి ఒక నారింజ రంగు చుక్క వచ్చింది.

ఎవరో యాత్రికుడు అనుకున్నాను. అనుకున్నాను అని పదిమందికీ చెప్పుకోవచ్చు గానీ, అది నిజం కాదు. ఆ చుక్క తెడ్డు వేస్తున్నప్పుడు ఎడమవైపు ఒక్క క్షణం ఆగుతోంది. ఆ భుజానికి కట్టు కట్టించింది నేనే. వాణ్ణి నేను పోల్చుకోకపోవడమేమిటి?

వాడొచ్చి మా ఒడ్డుకి సూటిగా ఎదురుగా ఆగాడు. అలలు విరిగే చోటికి బయట, నేను కేకేస్తే వినపడనంత దూరంలో. తెడ్డు అడ్డంగా పెట్టుకుని ఇంటి వైపు చూస్తున్నాడు.

ముందు నాకొచ్చింది కోపం. మాట తప్పాడు, అదీ నా ఇంటి ముందే, ఊరంతా చర్చికి వెళ్లే వేళకి. దుప్పటి అల్మారాలోనే ఉంది, ఉతికి మడిచి ఉంది. నేను కిందికి దిగి అల చూడక్కర్లేదు కూడా. మా కిటికీలోంచే తెలుస్తుంది. ఆ పొద్దున అల చాలా చిన్నది. పసిపిల్లాడైనా దిగొచ్చు.

అప్పుడే మర్దో గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో బైబిలు, తళతళలాడే బూట్లు. నేను ఇప్పుడు దుప్పటి పట్టుకుని తాడు దగ్గరికి వెళ్లానంటే, ఆదివారం పూట పెగీ ఇంటి ముందు బట్ట ఆరేసింది అని మర్దో అనుకుంటాడు, మర్దో అనకపోయినా రోడ్డు మీద పోయేవాళ్లు అంటారు. అది ఒకటి. రెండోది ఇంకా చెడ్డది. కాస్త సిగ్గుపడనీ అనుకున్నాను. ముక్కు చుట్టి వెనక రేవులో దిగి, తడిబట్టలతో ఊరి మధ్యలోంచి నడిచి రానీ, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

మర్దోని లోపల కూర్చోబెట్టాను. టోపీని జుట్టుకి గుచ్చే సూది దొరకడం లేదన్నాను. సూది నా జుట్టులోనే ఉంది. రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. వాడు అక్కడే ఉన్నాడు. పావుగంట ఉన్నాడు. ఆదివారం దుప్పటి పడదని వాడికి తెలుసు. అయినా ఆగాడు. ఇప్పుడు ఆలోచిస్తే, వాడు అల గురించి కాదు చూసింది, నేను వేస్తానా వెయ్యనా అని.

మూడోసారి చూసినప్పుడు వాడు తెడ్డు ఒకసారి పైకెత్తాడు. తర్వాత ముక్కు వైపు తిరిగాడు. నేను సూది దొరికింది అని మర్దోతో అన్నాను.

చర్చిలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. బయటికొచ్చాక ఇంటికి పోకుండా సూటిగా వెనక రేవుకి నడిచాను. కయాక్ లేదు. ఇసుకలో అడుగులు లేవు. రేవు పైనున్న గట్టు ఎక్కి ముక్కు వైపు చూశాను. ఒడ్డున అల చిన్నదే గానీ, బయటి సముద్రం నుంచి వచ్చే నీటి ఉబ్బు ఆ నల్లరాతిని కొట్టి వెనక్కి తిరిగి, వచ్చేదాంతో గుద్దుకుని, నిలువుగా లేచి పడుతోంది. అందులోకి వెళ్లింది ఒక భుజం పనిచెయ్యని మనిషి, ఇరవై ఎనిమిది రోజులు అలిసినవాడు.

ఇంటికి పరిగెత్తి ఫోన్ చేశాను. మా మనవడు ఈ పొద్దున ముక్కు చుట్టి రావాల్సింది, రాలేదు అని తీరరక్షణ వాళ్లకి చెప్పాను. గంటలో పడవలొచ్చాయి, హెలికాప్టర్ వచ్చింది. వాళ్లు వెతకాల్సిన చోటే వెతికారు. సోమవారం గాలి లేవకముందే కయాక్ దొరికింది. ఫిన్లే తొమ్మిదో రోజున దొరికాడు. నీకెలా తెలుసు అని ఎవరూ అడగలేదు. ముందురోజు ఫోన్ చేశాడు కదా, అలా ఊహించి ఉంటుంది అనుకున్నారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

మా దగ్గర సమాధి దాకా మగవాళ్లే వెళతారు. శవపేటికను వంతులవారీగా మోసుకుంటూ ఇసుక దారిలో వెళ్లిపోతే, ఎఫీ, నేను గుమ్మంలో నిలబడి ఆ నల్లకోట్ల వరస కనపడకుండా పోయేదాకా చూశాం. ఎఫీ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఎలా పట్టుకోనిచ్చానో నాకే తెలియదు.

తిరిగొచ్చాక మర్దో నా దగ్గర కూర్చుని టీ తాగాడు. ఊరికే, మాటల మధ్యలో, వాళ్లమ్మ సంగతి ఎత్తాడు.

“మా అమ్మ ఒక ఆదివారం దుప్పటి వేసింది పెగీ. ప్రార్థన మధ్యలోంచి లేచి వెళ్లి వేసింది. ఆ రోజు పెద్ద గాలి, మా బాబాయి పడవ బయట చిక్కుకుంది.”

“పాస్టర్ ఏమన్నారు?”

“ఏమంటాడు? అవసరానికీ దయకీ చేసే పని ఆదివారం తప్పు కాదని మనకి నేర్పిందే వాళ్లు కదా. నాకు మా ఇంట్లోంచి సముద్రం కనపడదు, రోడ్డు మీంచి చూసినా గులకరాళ్ల గట్టు అడ్డం. ఆ రోజు నేనే కనక వాణ్ణి చూసుంటే, దుప్పటి లేకపోతే నా చొక్కా విప్పి కట్టేవాణ్ణి.”

అవసరానికీ దయకీ అన్న ఆ ముక్క నేను ఏడేళ్లప్పుడు చర్చి పాఠాల్లో కంఠస్థం చేశాను. ప్రశ్న, జవాబు, తప్పు లేకుండా ఒప్పజెప్పి మెచ్చుకోలు కూడా పొందాను. ఎవరి కళ్లకి భయపడి నేను కదల్లేదో, ఆ మనిషే చొక్కా విప్పేవాణ్ణంటున్నాడు. అప్పటిదాకా ఆదివారం మీద నెట్టి ఏదో ఒకలా నిలబడ్డాను. ఆ తర్వాత నెట్టడానికి నా ఒక్కదాని మీద తప్ప చోటు లేకపోయింది.

అయినా ఎఫీకి చెప్పలేదు. తను ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సులో వచ్చేది, సోమవారం పొద్దున్నే వెళ్లేది. వచ్చినప్పుడల్లా ఒకే మాట. ఎవరైనా చూసి ఉంటే బాగుండేదమ్మా, ఆ రోజు వాణ్ణి ఎవరూ చూడలేదు, ఒక్కడే ఉన్నాడు అనేది. నేను పొయ్యిలో మంటకి వేసే పీట్ మట్టిగడ్డలు సర్దేదాన్ని. ఐదు నెలలు సర్దాను. నవంబరులో ఒక శనివారం తను మళ్లీ అదే మాట అన్నప్పుడు నా చేతిలో గడ్డ కింద పెట్టేశాను.

“నేను చూశాను ఎఫీ.”

అంతా చెప్పాను. సూది సంగతితో సహా. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను.

“టోపీ పెట్టుకున్నాడా?” అంది చివరికి.

“పెట్టుకున్నాడు. నువ్వు అల్లిన నీలం టోపీ.”

“వంగి కూర్చున్నాడా, నిటారుగానా?”

“నిటారుగానే. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంది.”

“తెడ్డు ఎత్తాడన్నావు. కోపంగా ఎత్తాడా?”

“లేదు. వెళ్లొస్తానని ఎత్తినట్టు.”

“అది నువ్వు అనుకుంటున్నావు” అంది. లేచి కోటు వేసుకుంది. బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నరా ఆ చలిలో రోడ్డు మీద నిలబడింది గానీ లోపలికి రాలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇద్దరికీ మధ్య గేటు.

మూడు శనివారాలు రాలేదు. నాలుగో శనివారం వచ్చింది. కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

“మళ్లీ చెప్పు. దక్షిణం నుంచి కనపడ్డ దగ్గర్నుంచి చెప్పు. నీ సంగతి వద్దు, వాడి సంగతి చెప్పు.”

చెప్పాను. నారింజ రంగు, తెడ్డు, నీలం టోపీ, నెమ్మదిగా ఊగుతున్న నీళ్లు. తను కళ్లు మూసుకుని వింది. వాడు ముక్కు వైపు తిరిగిన చోటికి రాగానే చెయ్యెత్తి, ఇవాళ్టికి అంతవరకే అంది.

తర్వాత కోటు విప్పి, మర్నాటి కోసం బంగాళాదుంపల బుట్ట ముందుకు లాక్కుంది. నేను ఇంకో కత్తి తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఒక గిన్నెలోకే ఇద్దరం తొక్క తీశాం. బుట్ట అయ్యేదాకా తను నన్ను అమ్మా అని పిలవలేదు. ఆ మాటకొస్తే ఈ రోజుకీ పిలవలేదు. కానీ ప్రతి శనివారం వస్తుంది, అడుగుతుంది, నేను చెప్తాను.